ఇంటింటికీ వెళ్లి అగ్ని ప్రమాదాల గురించి చెప్పాలనుకుంటున్నాం. తలుపు తీశాక ఏం చేయాలి?

మూడో_మెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా నివాస సంఘంలో భద్రతా పనులు చూసేవాళ్లలో నేనొకదాన్ని. ఏటా ఒక బ్యానర్ కడతాం, కరపత్రాలు పంచుతాం, ఆరుబయట ఇనప డ్రమ్ములో మంట వేసి సిబ్బంది ఆర్పి చూపిస్తారు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. వచ్చేవాళ్లు కూడా ఎప్పుడూ వాళ్లే. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, మంచం దిగలేని పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు రారు. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది వాళ్లకే.

పోయిన వేసవిలో పక్క భవనంలో రాత్రిపూట మంట లేచింది. ప్రాణాలైతే పోలేదు. మెట్ల మలుపులో పాత సోఫా, సైకిళ్లు, అట్టపెట్టెలు పేర్చి ఉండటంతో ఒక పెద్దావిడను కిందికి దించడానికి నానా తంటాలు పడ్డారు. ఆ భవనంలో ప్రతి గుమ్మానికీ మా కరపత్రం అంటించే ఉంది. మెట్ల మీద సామాను పెట్టకూడదని అందులో మొదటి వరుసలోనే రాసి ఉంది.

అందుకే ఈసారి ఇంటింటికీ వెళ్దామనుకుంటున్నాం. ఒక్కో ఇంట్లో మహా అయితే పావుగంట దొరుకుతుంది. ఆ కాసేపట్లో ఏం చేయాలి? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? జనాన్ని హడలెత్తించకుండా ఎలా చెప్పాలి? ఈ పని చేసినవాళ్లు, ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

---

నాలుగో_అంతస్తు

మంచి ఆలోచనే గానీ నాకు నమ్మకం లేదండీ. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి “మీ వంటగది చూస్తాం” అంటే ఎవరు రానిస్తారు? ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు అసలే తీయరు, తీయకూడదు కూడా. ఒక వీడియో చేసి గ్రూపుల్లో పెడితే ఒక్క పూటలో అందరికీ చేరుతుంది కదా.

---

పాత_ఫైర్‌మన్

నేను ఉద్యోగ విరమణ చేసిన అగ్నిమాపక ఉద్యోగిని. నాలుగో అంతస్తు తమ్ముడు అడిగినదానికి తర్వాత వస్తాను. ముందు పావుగంటలో ఏం చేయాలో చెబుతాను.

ఒక్క పనే చేయగలిగితే పొగ అలారం బిగించి, బటన్ నొక్కి మోగించి, ఆ మోత ఇంట్లో అందరికీ వినిపించి రండి. నా లెక్కలో దీని తర్వాతే మిగతావన్నీ.

ఎందుకో చెబుతాను. ఇంట్లో మంటలు లేచినప్పుడు చాలామంది ప్రాణాలు తీసేది పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన ఉండదు. సోఫాల్లో, పరుపుల్లో ఉండే నురగ కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే ఇంకో విషవాయువు కూడా వస్తుంది. పొగ వాసనకు మెలకువ వస్తుందిలే అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. నిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని నమ్మడానికి లేదు, పైగా ఆ పొగే మత్తు ముంచుతుంది. అలారం మోత అలా కాదు, గాఢనిద్రలో ఉన్న పెద్దవాళ్లను కూడా చాలావరకు లేపగలదు.

రెండో సంగతి సమయం. పాతకాలపు చెక్క, నూలు సామాను ఉన్న గదినీ, ఇప్పటి నురగ, ప్లాస్టిక్ సామాను ఉన్న గదినీ పక్కపక్కన తగలబెట్టి పరిశోధకులు పరీక్షించారు. ఇప్పటి గది అయిదు నిమిషాలు గడవకముందే మొత్తం ఒక్కసారిగా అంటుకుంది. పాత గదికి అరగంట దగ్గర పట్టింది. “మా చిన్నప్పుడు మంట లేస్తే బిందెలతో నీళ్లు పోసి ఆర్పేవాళ్లం” అని పెద్దవాళ్లు చెప్పేది నిజమే. అప్పటి ఇల్లు అంత వ్యవధి ఇచ్చేది, ఇప్పుడు ఇవ్వదు. బయటపడటానికి రెండు నిమిషాలే ఉన్నాయనుకుని ఇంట్లోవాళ్లతో లెక్క వేయించండి.

పడుకునేటప్పుడు గది తలుపు మూసుకోమని కూడా చెప్పండి. మంట హాల్లో ఉన్నా, మూసిన తలుపు వెనక గదిలో వేడి, పొగ చాలాసేపటి దాకా మనిషి బతికేంత తక్కువగా ఉంటాయి. కాలిపోయిన ఇళ్లలో తలుపు ఇవతల గోడలు మసిబారి, అవతల మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉండటం నేను చూశాను. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక తమ్ముడూ, వీడియో గురించి. వీడియో పెట్టండి, వద్దనను. కానీ వీడియో అలారం బిగించదు. మెట్ల మీద సోఫాను ఓ పక్క పట్టుకుని కిందికి మోయదు.

---

లెక్కల_పుస్తకం

పెద్దాయన మాటకు లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఇళ్లలో అగ్ని ప్రమాదాల వల్ల జరిగే ప్రతి అయిదు మరణాల్లో దాదాపు మూడు, పొగ అలారం లేని ఇళ్లలో, లేదంటే ఉన్నా పనిచేయని ఇళ్లలో జరుగుతున్నాయి. ఉన్నా పనిచేయనివి చాలావరకు బ్యాటరీ పీకేసినవో, బ్యాటరీ అయిపోయినవో.

అక్కడ అగ్ని నివారణ వారం 1922 నుంచి జరుగుతోంది. 1871 అక్టోబరులో షికాగో నగరం తగలబడి లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు, ఆ రోజుల గుర్తుగా అక్టోబరులో పెట్టుకున్నారు. 2014లో అమెరికన్ రెడ్‌క్రాస్ ఇంకో అడుగు వేసింది. స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి ఉచితంగా అలారాలు బిగించి, ఆ ఇంటివాళ్లతో కూర్చుని బయటపడే దారి గీయిస్తారు. ఇంగ్లండ్‌లో అయితే అగ్నిమాపక సిబ్బందే ఇళ్లకు వెళ్తారు, ఒంటరి వృద్ధులు, వికలాంగులు ఉన్న ఇళ్లకు ముందు. కాబట్టి మూడో మెట్టు గారూ, మీరు అనుకున్న దారిలో ముందే నడిచినవాళ్లు ఉన్నారు.

ఒక మనవి. చివర్లో నివేదిక రాసేటప్పుడు “ఇన్ని కరపత్రాలు పంచాం” అని రాయకండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, ఎన్ని అలారాలు ఇంకా మోగుతున్నాయో, ఎన్ని మెట్ల దారులు ఖాళీగా ఉన్నాయో చూసి ఆ అంకె రాయండి.

---

తీగల_పనివాడు

నేను ఎలక్ట్రీషియన్ని. ఇంట్లోకి రానిచ్చాక కళ్లు పెట్టాల్సిన చోట్లు చెబుతాను.

ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఉంటే అక్కడే ఆగండి. ఆ తీగ తివాచీ కిందనుంచో, మంచం కోడు కిందనుంచో పోతోందేమో చూడండి. హీటరు, ఇస్త్రీ పెట్టె, ఏసీ లాంటివి గోడకున్న పెద్ద ప్లగ్గులోనే ఉండాలి, ఎక్స్‌టెన్షన్ మీద వద్దు. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ, స్విచ్చు వేస్తే చిటపట చప్పుడు, ముట్టుకుంటే వెచ్చగా ఉన్న స్విచ్ బోర్డు, చేపలు కుళ్లినట్టు వాసన, వీటిలో ఏది కనబడినా లోపల స్క్రూ వదులై తీగ కాలుతోందని అనుమానించాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు) మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసి ఎక్కువ ఆంపియర్లది పెట్టిస్తారు. పడిపోవడం ఆగుతుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కానీ గోడలో తీగ పాతదే, అంత కరెంటు మోయలేదు. ఇక ఎంసీబీ ఆపదు కాబట్టి తీగ గోడలోనే కాలడం మొదలవుతుంది. “ఎంసీబీ పడిపోతోంది” అని ఎవరైనా అంటే అది మార్చమని చెప్పకండి. లోడు తగ్గించమని, తీగలు చూపించమని చెప్పండి.

మీ కార్యకర్తలు మాత్రం బోర్డులు విప్పకూడదు. చూడటం, చెప్పడం వరకే.

---

పొయ్యి_మెకానిక్

గ్యాస్ సంగతి నేను చెబుతా. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో, మంచాల కింద చేరుతుంది. అందుకే కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, కింది దాకా తెరుచుకునే తలుపు తీయాలి. దానికి సహజంగా వాసన ఉండదు. లీకు తెలియాలనే ఘాటు వాసన ఉండే మెర్‌కాప్టాన్ కలుపుతారు.

వాసన వస్తే స్విచ్చు వేయకూడదని అందరికీ తెలుసు. ఆపకూడదని తెలిసినవాళ్లు తక్కువ. తిరుగుతున్న ఫ్యాను ఆపినా స్విచ్చులో నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటరు కట్టేయాలి, తలుపులు తీయాలి, మనుషులు బయటికి రావాలి, ఫోను బయటికొచ్చాకే చేయాలి. ఇంతే.

ట్యూబు మీద తేదీ అచ్చువేసి ఉంటే చదివి వినిపించండి. గడువు దాటినా, పగుళ్లు కనిపించినా మార్పించాలి. లీకు ఉందేమో చూడటానికి సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి గట్టిగా చెప్పండి.

పెద్ద వయసువాళ్లకు వాసన తెలియడం తగ్గిపోతుంది. అలాంటి ఇంట్లో గ్యాస్ డిటెక్టరు పెట్టించడం మేలు. దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి, పైకప్పుకు కాదు. పొగ అలారం మాత్రం పైకప్పుకే. ఈ రెండూ తారుమారు చేసిన ఇళ్లు చూశాను.

---

నాలుగో_అంతస్తు

ఇవి చదివాక వీడియో ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నాను. కానీ తలుపు తీయడం అనే సమస్య అలాగే ఉంది. ఇంకోటి, అద్దెకున్నవాళ్లు “వైరింగ్ పాడైంది” అని యజమానికి చెప్పాలంటే భయపడతారు. మీరు వచ్చి తప్పులు రాసుకుని వెళ్తే ఆ కాగితం రేపు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

---

మూడో_మెట్టు

నాలుగో అంతస్తు గారూ, మీరు అడుగుతున్నవి మేం ఆలోచించనివి. అద్దె సంగతికి ఇలా అనుకుంటున్నాం: ఇంటి పేరుతో ఏ కాగితమూ రాయం. వైరింగ్ ఫిర్యాదు ఏదైనా ఉంటే, భవనం మొత్తానికి కలిపి సంఘం తరఫున యజమానులందరికీ ఒకే లేఖ వెళ్తుంది. ఏ ఇంట్లో చూశామో అందులో ఉండదు. తలుపు తీయడం గురించి ఇంకా దారి దొరకలేదు.

---

బడి_టీచరమ్మ

తలుపు పిల్లలు తీయిస్తారండీ.

బడిలో పిల్లలకు ఒక కాగితం ఇచ్చి “మీ ఇంటి పటం గీయండి, ప్రతి గదికీ బయటపడే రెండు దారులు చూపించండి, బయట అందరూ కలుసుకునే చోటు ఒకటి గుర్తుపెట్టండి” అంటే, ఆ సాయంత్రం ఇల్లంతా ఆ పనిలో పడుతుంది. కిటికీకి తాళం వేసిన ఊచలు ఉన్నాయనీ, ఆ తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదనీ అప్పుడు బయటపడుతుంది. ఆ పటం చూడటానికి మీరు వస్తున్నారని పిల్లలే ఇంట్లో చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ భవనంలోనే ఉండే ఒకావిడను వెంటబెట్టుకోండి.

పిల్లలకు కాలిన ఇళ్ల బొమ్మలు, కాలిన మనుషుల బొమ్మలు చూపించొద్దు. భయపడిన పిల్లలు మంట వచ్చినప్పుడు పారిపోరు, మంచం కింద, బీరువాలో దాక్కుంటారు. వాళ్లకు చేతలు నేర్పాలి. పొగ ఉంటే నేలకు దగ్గరగా పాకాలి, శుభ్రమైన గాలి అక్కడే ఉంటుంది. మూసిన తలుపును అరచేయి వెనకభాగంతో తాకాలి, వేడిగా ఉంటే తీయకూడదు, రెండో దారి వెతకాలి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, కింద పడుకుని, మొహం చేతులతో కప్పుకుని దొర్లాలి. బయటికి వచ్చాక బొమ్మ కోసం, కుక్కపిల్ల కోసం మళ్లీ లోపలికి పోకూడదు, పెద్దవాళ్లకు చెప్పాలి. ఇవన్నీ ఆటలాగా చేయించండి, కళ్లకు గంతలు కట్టి కూడా. వాళ్లు మరిచిపోరు.

తల్లిదండ్రులకు ఒకటి విడిగా చెప్పాలి. అలారం మోగినా నిద్ర లేవని పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లంతట వాళ్లు లేచి వస్తారనుకోకూడదు. ఎవరు ఏ బిడ్డను తీసుకురావాలో ముందే అనుకుని ఉండాలి.

---

చప్పుడు_లేని_లోకం

ఈ చర్చలో అందరూ అలారం మోత గురించే రాస్తున్నారు. నాకు పుట్టుకతో వినబడదు. నా భార్యకూ వినబడదు. మా ఇంట్లో మామూలు అలారం బిగించి, బటన్ నొక్కి, సంతకం తీసుకుని వెళ్లారనుకోండి, మీ లెక్కలో మా ఇల్లు భద్రం. రాత్రి మాకు ఏమీ తెలియదు.

మాలాంటివాళ్లకు వేరే పరికరాలు ఉన్నాయి. పొగ పసిగట్టగానే గట్టిగా మెరిసే దీపం, దిండు కింద పెట్టుకుంటే వణికి లేపే పరికరం. వయసుతో వినికిడి తగ్గినవాళ్లకు, రాత్రి వినికిడి యంత్రం తీసి పడుకునేవాళ్లకు కూడా ఇవే కావాలి. వాళ్లు మాకంటే చాలా ఎక్కువమంది, పైగా తమకు వినబడదని ఒప్పుకోరు. అందుకని “మీకు వినబడుతుందా?” అని అడగకండి. వాళ్లు పడుకునే గదిలో ఉండగా, తలుపు మూసి, హాల్లో అలారం మోగించండి. బయటికి వస్తే వినబడినట్టు.

ఇంకో మాట. మా ఇంటికి వచ్చేటప్పుడు సంజ్ఞా భాష తెలిసినవాళ్లను తీసుకురండి. రాసి చూపిస్తే సగమే అర్థమవుతుంది, మేం అడగాలనుకున్నవి అడగలేం.

---

పాత_ఫైర్‌మన్

బాబూ, నువ్వు చెప్పిన పరీక్ష, ఆ తలుపు మూసి మోగించడం, ప్రతి ఇంట్లో చేయదగ్గది. మూడో మెట్టు అమ్మా, దాన్ని పద్ధతిలో చేర్చు.

---

వార్డు_నర్సు

కాలిన గాయాల వార్డులో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గాయం మీద ఏదో ఒకటి పూసుకుని వస్తారు. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, ఐసు. అవన్నీ కడిగి తీసేటప్పుడు వాళ్లు పడే బాధ చూడలేం. కాలిన వెంటనే కుళాయి కింద పారే చల్లటి నీళ్లలో 20 నిమిషాలు పెట్టాలి. ఐసు వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్ట లాగకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకురావాలి. 20 నిమిషాలంటే ఎంతసేపో జనానికి తెలియదు, రెండు నిమిషాలకే చేయి తీసేస్తారు. ఇంట్లో గడియారం చూపించి చెప్పండి.

పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఇంకో రెండు చూడండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లుంటే ఆ గదిలో పొగ తాగడం, దీపం వెలిగించడం ఉండకూడదు, ఆక్సిజన్ బట్టల్లో, పరుపులో చేరి చిన్న రవ్వను కూడా పెద్ద మంట చేస్తుంది. పొడి చర్మానికి రోజూ పూసుకునే లేపనాలు కూడా దుప్పట్లలో, బట్టల్లో ఇంకిపోతాయి. అలాంటి బట్ట అంటుకుంటే మామూలు బట్టకంటే వేగంగా కాలుతుంది. లేపనం మానమని కాదు, ఆ బట్టలతో నిప్పు దగ్గరికి వెళ్లొద్దని. ఈ సంగతి కరపత్రాల్లో కనబడదు.

---

కొత్త_కాపురం

అందరికీ ధన్యవాదాలు, చదువుతూ మా ఇల్లంతా చూసుకున్నాను. ఒక సందేహం. ఇంటికో మంటలార్పే సిలిండరు కొనిపిస్తే సరిపోదా? ఇంత తిరుగుడు ఎందుకు?

---

పాత_ఫైర్‌మన్

ఉంటే మంచిదే అమ్మా, కానీ దాన్ని నమ్ముకుని లోపల ఉండిపోయేవాళ్లను చూసి భయపడతాను. ఇళ్లలో పెట్టుకునే చిన్న సిలిండరు కొన్ని సెకన్లలోనే ఖాళీ అవుతుంది. చెత్తబుట్ట అంత మంటకు పనికొస్తుంది. మిగతావాళ్లంతా బయటికి వెళ్లిపోయాక, వాకిలి నీ వెనక ఉండగా మాత్రమే వాడాలి. పిన్ను లాగి, గొట్టం మంట అడుగుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి. ఆరకపోతే వదిలేసి రావాలి.

బాణలిలో నూనె అంటుకుంటే మామూలు పొడి సిలిండరు వద్దు, ఆ విసురుకు నూనె చిమ్ముతుంది, పైగా నూనె చల్లారదు కాబట్టి మళ్లీ అంటుకోవచ్చు. నీళ్లు అసలే వద్దు. నీరు నూనె కిందికి దిగి ఒక్క క్షణంలో ఆవిరవుతుంది, దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది, మండే నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, పక్కనుంచి మూత జరిపి, పూర్తిగా చల్లారేదాకా తీయకుండా వదిలేయాలి. బాణలి పట్టుకుని బయటికి పరుగెత్తకూడదు. మీరు ఇంటికి వెళ్లినప్పుడు చల్లటి బాణలి, మూత ఇచ్చి వంట చేసే మనిషి చేతే ఆ పని చేయించండి. చేతికి అలవాటైనదే ఆ క్షణంలో వస్తుంది. నిజం నూనె మంటతో ప్రదర్శన మాత్రం కార్యకర్తలు చేయొద్దు.

---

తీగల_పనివాడు

బ్యాటరీ బండ్ల సంగతి ఎవరూ అనలేదు. లిథియం బ్యాటరీ లోపల పాడైతే ఒక గడి (సెల్) వేడి పక్క గడికి పాకుతూ ఆగకుండా పోతుంది, విషవాయువులు వస్తాయి, ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది. ఛార్జింగు వాకిలి దగ్గర, మెట్ల కింద పెట్టకూడదు. మంట లేస్తే బయటికి వెళ్లే దారే మూసుకుపోతుంది. అందరూ నిద్రపోయాక రాత్రంతా వదిలేయకూడదు. ఉబ్బిన బ్యాటరీ, కింద పడి దెబ్బతిన్న బ్యాటరీ వాడొద్దు. దానితో వచ్చిన ఛార్జరే వాడాలి.

---

నాలుగో_అంతస్తు

పై అంతస్తువాడిగా ఒకటి అడుగుతాను. మెట్లు పొగతో నిండిపోతే?

---

పాత_ఫైర్‌మన్

లిఫ్టు ఎక్కొద్దు. పొగలోకి దిగొద్దు. లోపలికి వచ్చి తలుపులు మూసుకుని, తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కి, ఫోను చేసి అంతస్తు, ఫ్లాటు నంబరు చెప్పి, వీధివైపు కిటికీ దగ్గర గుడ్డ ఊపుతూ ఉండాలి. మెట్ల దారికి తలుపులుంటే అవి ఎప్పుడూ మూసి ఉంచాలి, ఇటుకరాయి అడ్డుపెట్టి తెరిచి ఉంచితే మెట్లే పొగగొట్టం అవుతాయి. నువ్వు రోజూ దిగేటప్పుడు ఆ ఇటుక కనబడితే తీసెయ్ తమ్ముడూ, అది కూడా ఈ పనిలో భాగమే.

---

మూడో_మెట్టు

అందరి మాటలూ కలిపి ఇలా మార్చుకున్నాం.

ముందు బడిలో పటాలు గీయిస్తాం. టీచర్ గారూ, కాగితం నమూనా మీరు పంపగలరా? ప్రతి భవనానికీ అక్కడే ఉండే ఒకావిడ తోడు వస్తారు. మొదటి వారం ఒంటరి పెద్దవాళ్ల ఇళ్లు, వినికిడి తగ్గినవాళ్ల ఇళ్లు, తర్వాత చంటిపిల్లలున్నవి, తర్వాత మిగతావి. రాత్రి డ్యూటీ వాళ్ల ఇళ్లకు వాళ్లు చెప్పిన వేళకే వెళ్తాం. ఇంట్లో చేసేవి నాలుగే: అలారం బిగించి తలుపు మూసి మోగించడం, బాణలి మీద మూత పెట్టించడం, బయటపడే దారిలో ఇంటివాళ్లతో కలిసి ఒకసారి నడవడం, గ్యాస్ ట్యూబు తేదీ చదవడం. మిగతావి అడిగితేనే చెబుతాం. అన్నీ చెప్పాలనుకుంటే ఏదీ నిలవదని నా అభిప్రాయం. నర్సు గారు చెప్పినవి, బ్యాటరీల సంగతి ఒక కాగితంలో రాసి ఇచ్చి వస్తాం.

చప్పుడు లేని లోకం గారూ, దిండు కింద పెట్టే పరికరాలు కొన్ని సంఘం డబ్బుతో తెప్పించడానికి కమిటీ ఒప్పుకుంది. సంజ్ఞా భాష తెలిసిన ఒక అమ్మాయి కూడా వస్తానంది. మొదట మీ ఇంటికే రావచ్చా?

---

చప్పుడు_లేని_లోకం

రండి. శనివారం సాయంత్రం ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. కాలింగ్ బెల్ నొక్కితే లోపల దీపం వెలుగుతుంది, రెండుసార్లు నొక్కండి. మా భవనంలో వినబడని ఇంకో రెండు కుటుంబాలున్నాయి, వాళ్లను కూడా పిలుస్తాను. పరికరాలు ఎలా పెట్టుకోవాలో ఒకసారి చూపిస్తే, వాళ్ల ఇళ్లలో నేనే బిగిస్తాను.

---

నాలుగో_అంతస్తు

మా వరుసలో మెట్ల మీద ఉన్న సామాను ఎవరిదో నాకు తెలుసు. ఆదివారం నేను మాట్లాడి, కిందికి మోయడానికి సాయం చేస్తాను. మీ జాబితాలో మా భవనానికి తోడు కావాలంటే మా అమ్మ వస్తానంటోంది.